అప్ప పిండి కలపని శనివారం

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ అడిగినదానికి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. మీరు వెళ్లే సంఘంలో ఒక పెద్దమనిషి మీద ఎవరో అమ్మాయి ఫిర్యాదు చేసిందట. పెద్దలు లేచి, మేము లోపల చూసుకుంటాం, మీరు ప్రార్థనలో ఉండండి అన్నారట. అది సరైనదేనా మామ్మా అని అడిగారు. ఒక్క ముక్కలో చెప్పడం నాకు రాదమ్మా. మా అప్పకి జరిగింది చెప్తాను. మా వైపు అక్కని అప్ప అంటాం. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలీదు. దెబ్బలూ రక్తమూ ఉన్న సంగతి. అన్నం తింటూ వినకండి.

అరవైల చివర్లో మాట. చీపురుపల్లి నుంచి పొందూరు వైపు వెళ్లే దారిలో ఒక ఊరు, ఊరికి పక్కగా ఒక పేట, పేట చివర పెంకులేసిన గుడి. చర్చి అనే మాట మాకు అలవాటు లేదు, గుడి అనే అనేవాళ్లం. కుర్చీలు లేవు. తాటాకు చాపలు పరిచేవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు, కుడివైపు మగవాళ్లు. తప్పు చేసి సంఘం శిక్షలో ఉన్నవాళ్లు మాత్రం చాప మీదికి రాకూడదు. గుమ్మం పక్కన ఉత్త నేల మీద కూర్చోవాలి. నెలకోసారి జరిగే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం వాళ్లని దాటి వెళ్లిపోతాయి. వేదిక పక్కన ఒక గది ఉండేది. లాంతర్లు, చుట్టిన చాపలు, బల్ల సామాన్లు అందులో పెట్టేవాళ్లు. దాన్నే లోపలి గది అనేవాళ్లం.

తప్పు దిద్దడానికి వాక్యంలో మూడు మెట్లు ఉన్నాయని పాస్టరుగారు చెప్పేవారు. ఆయన్ని అందరం అయ్యగారు అని పిలిచేవాళ్లం. నీకు ఎవరైనా అన్యాయం చేస్తే ముందు ఒంటరిగా వెళ్లి వాళ్లతో చెప్పు. వినకపోతే ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్లి చెప్పు. అప్పటికీ వినకపోతే సంఘమంతటికీ చెప్పు. పిల్లలకి కూడా ఇది కంఠతా వచ్చు.

నా చిన్నప్పుడు ఆ మూడో మెట్టు నిజంగానే ఉండేది. బల్లకి ముందురోజు శనివారం అందరూ కూడేవాళ్లు. తప్పు చేసినవాళ్లు లేచి నిలబడి నోటితో ఒప్పుకోవాలి. అలా ఒకసారి ఒక విధవరాలు, పిల్లలు లేని పడుచు, తను కడుపుతో ఉన్నానని చెప్పి తల దించుకుంది. మగవాళ్ల వైపునుంచి ఆమె అన్న లేచాడు. ఎద్దుల్ని తోలే ముల్లుకర్ర గోడకి ఆనించి ఉంది. దాన్ని తీసుకుని చాపలు తొక్కుకుంటూ వచ్చి ఆమెని కొట్టాడు. ఆమె పడిపోయాక కూడా కొట్టాడు. కర్ర చివర ఇనప ముల్లు భుజంలో దిగి ఊడిరాలేదు. తల్లి వచ్చి ఆమెకి అడ్డంగా మీద పడితే తల్లినీ కొట్టాడు. ఆపేలోగా చాప ఎర్రగా తడిసిపోయింది. ఆ బిడ్డ నిలవలేదు. ఆమె కూడా ఎక్కువ కాలం బతకలేదు.

ఆ చాపని కాల్చేశారు. అయ్యగారు చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదని చెప్పుకునేవారు. తర్వాత పెద్దలు నలుగురూ కూర్చుని, ఇకమీదట ఎవరి తప్పైనా లోపలి గదిలోనే వినాలి, అక్కడే మందలించాలి, బయటకి పొక్కకూడదు అని తీర్మానించారు. ఒక్కరూ కాదనలేదు. ఆమె గాయాలు కడిగిన ఆడవాళ్లలో మా అప్ప కూడా ఉంది. ఇంటికొచ్చి, గదిలో సెప్పుకునుంటే బతికి ఉండేది కదా అని మా అమ్మతో అంది. కాబట్టి ఆ గది తలుపు దయతోనే మూశారమ్మా. అది మరచిపోవద్దు.

ఆ తర్వాత కొంతకాలానికి అప్పకి పెళ్లయింది. మా బావ మాంగనీసు గనిలో మేస్త్రీ. ఎవరిని పనిలోకి తీసుకోవాలో, ఎవరిని ఆపాలో ఆయన చేతిలో ఉండేది. మా గుడిలో మగవాళ్లు సగానికి సగం ఆయన కిందే నల్ల దుమ్ము తవ్వేవాళ్లు. గొంతు బాగుండేది. ఆయన ప్రార్థన చేస్తుంటే ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకునేవాళ్లు. పెళ్లైన మరుసటి సంవత్సరమే గుడిలో పెద్దని చేశారు. గుడి పెద్దకి భార్య కాబట్టి బల్ల రొట్టె చేసే వంతు అప్పకి వచ్చింది.

అప్పకి ఆడపిల్ల పుట్టాక సాయంగా ఉండమని మా అమ్మ నన్ను పంపింది. బావ ఇల్లు ఆ పేటలోనే; మా ఊరు పేటకి రెండు కోసులు, నాలుగు మైళ్ల పైన, గుడికి అంతదూరం నడిచే వచ్చేవాళ్లం. అక్కడికి వెళ్లాకే నాకు తెలిసింది.

బావ గొంతు ఎత్తి తిట్టేవాడు కాదు. గనినుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, తలుపు గడియ పెట్టేవాడు. గడియ చప్పుడు వినగానే అప్ప పసిదాన్ని నా చేతిలో పెట్టి మూలకి పొమ్మని సైగ చేసేది. ఎందుకు కొడతాడో ఒక లెక్క లేదు. చేపల పులుసులో ఉప్పు తక్కువైందని ఒకరోజు. గుడిలో ఎవరితోనో నవ్వావని ఒకరోజు. రవికె కప్పే చోటే కొట్టేవాడు, బయటకి కనబడేలా కొట్టేవాడు కాదు. చేద తాడు నీళ్లలో తడిపి తెచ్చేవాడు. తడి తాడు గాలిలో వచ్చే చప్పుడు ఒకటుంది, అది నేను చెప్పలేను. కొట్టడం అయ్యాక మోకాళ్ల మీద కూర్చుని రాత్రి ప్రార్థన చేసేవాడు. మేమూ కూర్చోవాలి. అప్ప ఆమెన్ అనాలి.

అప్ప మొదటి మెట్టు ఎక్కింది. ఒక ఉదయం ఆయన చద్దన్నం తింటుంటే, నువ్వు సేస్తన్నది పాపం, మానీ అని నెమ్మదిగా చెప్పింది. ఆయన తింటున్న కంచుగిన్నె ఎత్తి మొహం మీద కొట్టాడు. ముందు పన్ను ఒకటి విరిగి అన్నంలో పడింది.

రెండో మెట్టుకి నన్నూ తీసుకెళ్లింది. లోపలి గదిలో అయ్యగారూ, ముగ్గురు పెద్దలూ కూర్చున్నారు, బావనీ పిలిపించారు. అప్ప చెప్పింది, విరిగిన పన్ను చూపించింది. బావ వెంటనే మోకాళ్ల మీద పడి ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపని నేను ఇప్పటికీ అనలేను. పెద్దలూ ఏడ్చారు. ఆయన తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. తర్వాత అప్ప చేతా నా చేతా వాక్యం మీద చెయ్యి వేయించి, ఈ సంగతి అమ్మానాన్నలకి కూడా చెప్పబోమని ఒట్టు పెట్టించారు. ఇంటికెళ్లాక గడియ పడింది. గుడి పెద్దని పట్టుకుని గదిలో కూర్చోబెట్టినందుకు ఆ రోజు తాడు రెట్టింపు పడింది.

అలా ఎన్నిసార్లు ఆ గదికి వెళ్లామో. ప్రతిసారీ ఏడుపు, ప్రార్థన, తిరిగి ఇంటికి. ఒకసారి కాగే గంజి కాలి మీద పోశాడు. ఆ కాలితోనే కుంటుతూ వెళ్లి, మూడో మెట్టు ఎక్కించండి, సంఘం ముందర సెప్పండి అని అప్ప అడిగింది. పెద్దల్లో అందరికన్నా ముసలాయన, ఆయన కొడుకులిద్దరూ బావ దగ్గరే పనిచేసేవాళ్లు, అప్పని జాలిగా చూశాడు.

"మూడో మెట్టు ఎక్కితే ఏటైనాదో నువ్వు సూళ్లేదేటమ్మా? ఆ రగతం నువ్వే కడిగేవు కదా."

"ఆ గుంట తప్పు సేసి నిలబడింది తాతా. నాను ఏటి తప్పు సేసేను?"

మా వైపు గుంట అంటే ఆడపిల్ల. ముసలాయన వేరే ఎత్తు ఎత్తాడు. కొండల్లో నక్సలైట్ల గొడవలు జరుగుతున్నాయి, రోడ్డు మీద పోలీసు జీపులు తిరుగుతున్నాయి, మన పేటలో చప్పుడైతే ముందు మన మగపిల్లల్నే పట్టుకుపోతారు, ఊళ్లో పైకులాల రైతుల ముందు గుడి పరువు పోతుంది అన్నాడు. అయ్యగారు మెత్తని మనిషి. నేల చూస్తూ, ఓర్చుకోమన్నారు. ఆ రోజు తిరిగొస్తూ అప్ప నాతో ఒకే మాట అంది. "ఈ పాలి నన్ను సంపేస్తాడే. సంపేసి, నోపల గదిలో ఏడుస్తాడు." పసిదానికి అప్పుడు నడకే రాలేదు. అప్ప భయమంతా దాని గురించే. తను పోతే ఆ తలుపు వెనక అది ఒక్కతే పెరగాలి.

ఇప్పుడు రొట్టె సంగతి చెప్పాలి. బల్లకి ముందు శనివారం మధ్యాహ్నం రొట్టె చేసే ఇంటికి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. ఒకరు గోధుమపిండి జల్లించేవాళ్లు, ఒకరు నానబెట్టిన ఎండు ద్రాక్ష పిండేవాళ్లు. పిండి కలపబోయే మనిషి చేతులు కడుక్కుని పళ్లెం ముందు కూర్చోవాలి. అయ్యగారి భార్య, మేం అమ్మగారు అనేవాళ్లం, ఒక మాట అడగాలి. మనసులో ఎవరి మీదైనా ఏమైనా ఉందా అని. లేదు అని చెప్పి చెయ్యి పెట్టాలి. ఉంది అంటే, అది తీరేదాకా ఆ పిండిని ఎవరూ ముట్టకూడదు, ఇంకో ఇంట ఇంకో పిండి కలపకూడదు. బల్ల ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో ఆదివారం సంఘానికి చెప్పాలి. అది పాత కట్టుబాటు. ఎవరూ ఉంది అన్నది లేదు, కనక దాని సంగతి పెద్దలకి గుర్తే లేదు. మూడో మెట్టు మూసినవాళ్లు ఈ దారి మూయడం మరచిపోయారు.

ఆ శనివారం అప్ప చేతులు కడుక్కుని పీట మీద కూర్చుంది. అమ్మగారు కొంగు సర్దుకుంటూ, అలవాటుగా, పక్కావిడతో ద్రాక్ష పులుపు గురించి మాట్లాడుతూనే అడిగేశారు.

"మనసులో ఎవురి మీదైనా ఏటైనా ఉన్నాదేటమ్మా?"

"ఉన్నాదమ్మగారూ."

జల్లెడ ఆగిపోయింది. అమ్మగారు సరిగ్గా వినలేదనుకుని మళ్లీ అడిగారు. అప్ప మళ్లీ అదే చెప్పింది. ఒకావిడ నవ్వబోయింది. ఇంకొకావిడ, ఒలే, నేదనీసి కలిపీయే, రేపు బల్ల ఉన్నాది కదా అని బతిమాలింది. అప్ప లేచి, మా వైపు వీపు తిప్పి, రవికె పైకి తీసింది. ఏడ్చిందీ లేదు, పేరు చెప్పిందీ లేదు. ఆ వీపు మీద పాత వాతలూ కొత్తవీ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అమ్మగారు అలా చూస్తూ చూస్తూ నేల మీద కూలబడ్డారు. పిండి పళ్లెం మీద ఒక గుడ్డ కప్పి ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వాళ్ల మగవాళ్లలో చాలామంది బావ కింద పనివాళ్లే.

ఆ కబురు వెంటనే గనిలో ఉన్న బావకి చేరింది. ఎండ ఉండగానే ఆయన ఇంటికి వచ్చేశాడు. నన్నూ పసిదాన్నీ వాకిట్లోకి తోసి గడియ పెట్టాడు. కిటికీ సందులోంచి నాకు కనిపించింది. పిండి పళ్లెం మీద గుడ్డ తీసి అప్పని కలపమన్నాడు. అప్ప కలపనంది. కలపని చెయ్యి ఎందుకు అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. ఆమె కుడిచెయ్యి పీట మీద పెట్టి, మణికట్టు మీద మోకాలు వేసి తొక్కి, పచ్చడి నూరే బండతో కొట్టాడు. మొదటి దెబ్బకి అప్ప అరిచింది. తర్వాత దెబ్బలకి ఒక మూలుగు తప్ప ఏమీ లేదు. పిండి మీద రక్తం చిమ్మింది. చూపుడువేలి ఎముక తెల్లగా బయటికి వచ్చింది.

నేను వీధిలో పడి అరిచాను. ఇళ్ల ముందు జనం నిలబడ్డారు. మగవాళ్లు, ఆడవాళ్లు, అందరూ మా గుడివాళ్లే. ఒక్కరూ కదల్లేదు. పెద్దలు చూసుకోవాల్సిన సంగతి అని ఒకాయన నాకే సర్ది చెప్పాడు.

అప్పుడే ఎండుచేపల బుట్టతో సముద్రం వైపునుంచి వచ్చే బెస్తావిడ వీధిలోకి వచ్చింది. వారానికోసారి వచ్చేది, నోరు పెద్దది. ఆమెకి మా మెట్లూ తెలీదు, మా ఒట్లూ తెలీదు. ఏటైనాదే గుంటా అని అడిగింది. నేను తలుపు చూపించాను. లోపల దెబ్బ చప్పుడు విని ఆమె బుట్ట దించేసింది.

"ఇంతమంది ఉన్నారు, కాళ్లు సచ్చిపోనాయేటి? మీ దేవుడు సూడమన్నాడేటి, నిలబడి?"

పక్కింటి అరుగు మీద రోకలి ఉంటే తీసుకుని తలుపు మీద పొడిచింది. రెండు మూడు పోట్లకి గడియ ఊడింది. బావ బయటికి వస్తే ఆ రోకలి ఆయన కడుపులో గుచ్చి గోడకి నొక్కింది. రా, నన్ను కొట్టు, మా తోటోళ్లు పడవలొగ్గీసి వస్తారు అంది. ఆయన ఆమెని తోసుకుని వీధిలోంచి వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు. అప్ప పిండిలో బోర్లా పడి ఉంది. ఆ బెస్తావిడే తన చీర చెంగు చింపి చెయ్యి కట్టింది. పొరుగూరినుంచి ఎముకలు సరిచేసే ముసలాయన వచ్చి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. కట్టు కడుతుంటే అప్ప నోట్లో గుడ్డ కుక్కుకుంది. ఆ గుడ్డ కొరికి కొరికి చిల్లు పడింది.

మర్నాడు ఆదివారం. మా అమ్మా నాన్నా బల్ల కోసం పొద్దున్నే నడిచి వచ్చారు. అప్ప చెయ్యి చూసి మా అమ్మ గుండెలు బాదుకుంది. నాన్న గుమ్మంలోనే కూర్చున్నాడు. ఆయన చీమని కూడా అదిలించే మనిషి కాదు. అప్ప అన్నీ చెప్పింది, ఒట్టు మాట పక్కన పెట్టి. తర్వాత తల దువ్వించుకుని గుడికి బయల్దేరింది. చాప మీద, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. బావ కూడా వచ్చాడు, ఉతికిన పంచె కట్టుకుని, పెద్దల వరసలో.

బల్ల మీద తెల్లగుడ్డ ఉంది, గుడ్డ మీద ఏమీ లేదు. పిల్లలు కూడా దాన్నే చూస్తున్నారు. ముసలి పెద్ద లేచి, అప్పని లోపలి గదికి రమ్మన్నాడు.

"రాను తాతా. ఇక్కడే అడగండి."

"ఆడకూతురివి. నీ మంచికే సెప్తన్నాను."

"నా మంచి ఆ గదిలో సానా సార్లు సూసేను."

సంతకి వెళ్లే రైతులు కొందరు గుమ్మం దగ్గర ఆగి తొంగి చూస్తున్నారు. ముసలాయన తలుపులు మూయమన్నాడు. ఒక కుర్రాడు లేవబోతే మా అమ్మ వెళ్లి గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. అప్ప చెప్పడం మొదలుపెట్టింది. కంచుగిన్నె, తాడు, గంజి, పచ్చడి బండ. ఇరుగుపొరుగుతో మాట్లాడినట్టే చెప్పింది. ప్రతి దెబ్బ తర్వాత ఆ గదిలో ఎవరు ఏం అన్నారో, ఎవరు ఏడ్చారో అది కూడా చెప్పింది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

ఆమె పూర్తి చేయకముందే బావ లేచాడు. కుడివైపునుంచి ఎడమవైపుకి ఒక్క ఉదుటున వచ్చి, అందరూ చూస్తుండగా, జుట్టు పట్టుకుని వెనక్కి లాగి గుండెల మీద తన్నాడు. అప్ప కట్టు ఉన్న చేతి మీదే పడింది. ఆ అరుపుకి బయట ఎద్దులు బెదిరాయి. గనిలో పనిచేసే ఒకడు, బావ అంటే పడనివాడు, బావ మెడ పట్టుకున్నాడు. బావ మనుషులు వాడి మీద పడ్డారు. చాపలు చిరిగాయి. ఎవరో గంట కొట్టే ఇనప కడ్డీ తీశారు. దాంతో ఒకడి నుదురు పగిలి రక్తం కళ్లలోకి కారితే, వాడు గుడ్డివాడిలా తడుముకుంటూ దొరికినవాణ్ని దొరికినట్టు గుద్దాడు. పసిపిల్లల్ని గుండెలకి కరుచుకుని ఆడవాళ్లు గోడకి అంటుకుపోయారు. ఒక ముసలావిడ మాత్రం తన కర్రతో అందినవాళ్ల కాళ్ల మీద కొడుతూనే ఉంది, ఎవరి పక్షమో ఎవరికీ తెలీలేదు. అయ్యగారు వేదిక దిగి అప్పకీ బావకీ మధ్య దూరారు. బావ పిడికిలి ఆయన మూతి మీద పడింది.

అయ్యగారి తెల్లచొక్కా మీద రక్తం కారడం చూసి అందరూ ఒక్కసారి ఆగారు. మా నాన్న ఈ గొడవంతా జరుగుతున్నంతసేపూ కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, రాయిలా. అప్ప ఆయన వైపు ఒకసారి చూసింది, మళ్లీ చూడలేదు.

అయ్యగారు పెదవి తుడుచుకోకుండానే మాట్లాడారు. బావని పెద్దరికంనుంచి, బల్లనుంచి తీసేస్తున్నామని అందరి ముందూ చెప్పారు. అంతా ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు ముసలి పెద్ద ఆయన చెవిలో ఏదో అన్నాడు. అయ్యగారు కొంచెం ఆగి, కట్టుబాటు పేరు చెప్పి బల్ల ఆపి, గుడిలో ఈ గొడవకి కారణమైనందుకు అప్ప కూడా చాప దిగాలని అన్నారు. మా అమ్మ శాపనార్థాలు పెట్టింది. అప్ప మాత్రం నన్ను పట్టుకుని లేచి నిలబడింది.

"దిగుతానయ్యగారూ. అందరి ముందరా సెప్పేరు, అంతే సాలు."

అలాగే నడిచి వెళ్లి గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. ఆ రోజే పసిదాన్ని తీసుకుని మా ఇంటికి వచ్చేశాం. అప్ప కుడిచేతి మూడు వేళ్లు మళ్లీ మడత పడలేదు. వంటా, బిడ్డకి నీళ్లు పొయ్యడం, పేడ ఎత్తడం, అన్నీ ఎడమచేత్తో నేర్చుకుంది.

చలికాలం వెళ్లి మామిడి పూత రాలే రోజుల్లో బావ మా ఊరికి వచ్చాడు. వెంట ముసలి పెద్దా, ఇంకొక పెద్దా. వీధిలో అందరూ ఉండే వేళ. ముసలాయన అరుగు మీద కూర్చుని శుభవార్తలా చెప్పాడు. బావ పశ్చాత్తాపపడ్డాడట, పెద్దలు క్షమించారట, మళ్లీ బల్లలో చేరాడట. ఇక భార్యని పంపించమన్నాడు. అప్ప పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చి గడపలో నిలబడింది.

"ఎక్కడ ఒప్పుకున్నాడు తాతా?"

"అయ్యగారి ముందర. నోపల గదిలో."

"అయితే కాపరం ఆ గదిలోనే పెట్టుకోమనండి."

వీధిలో ఎవరో పకపకా నవ్వారు. బావ మొహంలో ఏమీ మారలేదు. మెల్లగా లేచి, అప్ప దగ్గరికి వచ్చి, ఆ చెడిన కుడిచెయ్యే పట్టుకుని మెలితిప్పి గుమ్మంలోంచి లాగాడు. అప్ప మోకాళ్ల మీద పడింది. పెద్దలిద్దరూ, అయ్యో నెమ్మదిగా అంటున్నారు, లేవలేదు.

మా నాన్న అప్పుడే కావిడితో నీళ్లు తెచ్చి దించుతున్నాడు. కుండలు దించాడు. తొందరపడకుండా దించాడు, ఒక్కటీ పగల్లేదు. కావిడి బద్ద తాళ్లనుంచి తీసి, రెండు చేతులా పట్టుకుని బావ మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. బావ అప్పని వదిలేశాడు. నాన్న ఆపలేదు. భుజం మీద, వీపు మీద, పడిపోయాక కాళ్ల మీద. బావ మట్టిలో పాకుతూ రక్తం ఉమ్ముతుంటే, ఇక సాలు నాన్నా, సచ్చిపోతాడు అని అప్పే వెళ్లి బద్ద పట్టుకుంది. నాన్న బద్ద ఆమెకి వదిలేసి అరుగు మీద కూర్చున్నాడు. పెద్దలిద్దరూ బావని బండి ఎక్కించి తీసుకుపోయారు. తర్వాత ఆయన ఒడిశా వైపు ఏదో గనికి వెళ్లిపోయాడని విన్నాం. మా గుమ్మంలోకి మళ్లీ రాలేదు.

ఆ ఆదివారం నాన్న ఎవరూ పిలవకుండానే గుడికి బయల్దేరాడు. మేమంతా వెంట నడిచాం. ఆరాధన మొదలవకముందే లేచి నిలబడ్డాడు. ముసలి పెద్ద కంగారుగా, పద పద, గదిలో మాట్లాడుకుందాం అని చెయ్యి పట్టుకున్నాడు. నాన్న చెయ్యి విడిపించుకున్నాడు.

"మా అల్లుణ్ని కొట్టేను. వీధిలో అందరూ సూస్తుండగా కొట్టేను. ఎముకలిరిగేయి. సంఘం ఏటి సేస్తాదో ఇక్కడే సెయ్యండి."

అయ్యగారు పశ్చాత్తాపం ఉందా అని అడిగారు. అబద్ధం ఆడటం నాన్నకి రాదు. కొట్టడం పాపమేనని ఒప్పుకున్నాడు. కానీ రేపు వాడు మళ్లీ నా కూతురి చెయ్యి పట్టుకుంటే ఏం చేస్తానో నాకే తెలీదు అన్నాడు. అయ్యగారు పుస్తకం మూసి, అందరికీ వినబడేలా, అలా అయితే చాప దిగమన్నారు. నాన్న తలపాగా తీసి చంకలో పెట్టుకుని, వెనక్కి నడిచి వచ్చి, గుమ్మం పక్కన అప్ప దగ్గర చతికిలబడ్డాడు. అప్ప పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చింది. ఆ రోజు రొట్టె, రసం ఇద్దర్నీ దాటి వెళ్లాయి.

బావని కొట్టిన రోజునుంచి సరిగ్గా తినని నాన్నకి ఇంటికి రాగానే ఆకలి వేసింది. అప్ప ఎడమచేత్తో వడ్డిస్తుంటే మళ్లీ మళ్లీ పెట్టించుకుని, కారం తక్కువైందని అప్పని విసుక్కుని మరీ తిన్నాడు. అప్ప నవ్వి, కుంటిచెయ్యి వంట ఇంతే, నచ్చకపోతే నువ్వొండుకో అంది.